సమితి దండగేనా?

అమ్మలూ,

మొన్న ఫోన్‌లో "ఐక్యరాజ్యసమితి ఒట్టి దండగ నాన్నా" అని విసురుగా పెట్టేశావు. నాకు వెంటనే జవాబు తోచలేదు. అందుకే రాస్తున్నాను.

ముందు నీ వైపు మాటే చెప్తాను. 1994లో ఆఫ్రికాలోని రువాండాలో ఊచకోత మొదలైనప్పుడు అక్కడ సమితి సైనికులు దాదాపు 2,500 మంది ఉన్నారు. ఇంకా మనుషుల్ని పంపండని వాళ్ల కమాండర్ డల్లేర్ మొత్తుకున్నాడు. ఏప్రిల్ 21న సమితి భద్రతామండలి ఏం చేసిందో తెలుసా? ఆ సంఖ్యను 270కి తగ్గించింది. వంద రోజుల్లో సుమారు 8 లక్షల మంది పోయారు. ఆ ఏడాది మండలిలోని 15 కుర్చీల్లో ఒకటి రువాండాదే! చంపిస్తున్న ప్రభుత్వం మనిషి ఆ బల్ల దగ్గరే కూర్చుని అన్నీ విన్నాడు. తలుచుకుంటే ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది.

కానీ సమితికి సొంత సైన్యం లేదు కదమ్మా, దేశాలు పంపితేనే సైనికులు. రువాండాకు పంపిన తమ సైనికులు పదిమంది చనిపోగానే బెల్జియం వెనక్కి తగ్గింది. సోమాలియాలో దెబ్బతిన్న అమెరికాకు మళ్లీ తల దూర్చే ఉద్దేశం లేదు. తిట్లు మాత్రం సమితికే పడ్డాయి.

అవే దేశాలు సరేననుకుంటే ఎలా ఉంటుందో మశూచి సంగతి చూడు. నిర్మూలిద్దామని 1958లో సమితి కుటుంబంలోదే అయిన ప్రపంచ ఆరోగ్య సంస్థలో అడిగింది సోవియట్ యూనియన్. 1967లో ఆ పని గట్టిగా మొదలైనప్పుడు నడిపించింది అమెరికన్ డాక్టర్ హెండర్సన్. బయట చూస్తే ఆ రెండు దేశాలూ ఉప్పూ నిప్పూ! వాళ్ల ఆయుధం చిన్న సూది. కొసన రెండు మొనలు, వాటి మధ్య నిలిచే ఒక్క మందు చుక్క. చేతి మీద గబగబా పదిహేను పోట్లు, అంతే. డాక్టరే అక్కర్లేదు, కాసేపు నేర్పిస్తే ఎవరైనా వేసేయొచ్చు. 1977 అక్టోబరులో సోమాలియాలో ఒక ఆస్పత్రి వంటమనిషికి సోకింది. మామూలుగా సోకిన కేసుల్లో అదే ఆఖరు. అతను బతికాడు కూడా.

ఇంకొకటి. ఈ కవరు మీద మన దేశపు స్టాంపే అంటించాను. అయినా నువ్వున్న దేశంలో పోస్ట్‌మ్యాన్ నిన్ను పైసా అడగడు. 1874లో బెర్న్‌లో కుదిరిన తపాలా ఒప్పందం పుణ్యం అది. ఆ తపాలా సంఘం ఇప్పుడు నువ్వు తిట్టిన సమితి కుటుంబంలోదే.

ఉత్తరం అందాక ఫోన్ చెయ్యి. మండలిలో ఐదు పెద్ద దేశాల్లో ఏ ఒక్కటి కాదన్నా తీర్మానం ఆగిపోయే ఆ వీటో గురించి నువ్వు ఎలాగూ ఎత్తుతావు, అప్పుడు పోట్లాడుకుందాం.

నాన్న