బంతి ఎప్పుడు విసరాలి

నల్లగొండ

చిరంజీవి సంధ్యకు నాన్న ఆశీస్సులు.

నీ కుక్కపిల్ల లడ్డు, బంతి చూస్తే చాలు పిచ్చెక్కినట్టు ఎగురుతోందని, చున్నీ పట్టి గుంజుతోందని, సిట్ అంటే అస్సలు వినడం లేదని ఫోన్‌లో చెప్పావు. కొన్నాళ్లు ఆట మానిపిద్దామా అన్నావు. వద్దు బిడ్డా. ఆట మానిపిస్తే నీ చేతిలో ఉన్న పగ్గమే పోతుంది.

డాగ్ స్క్వాడ్‌లో మేం కుక్కకు పేలుడు పదార్థాల వాసన పట్టడం నేర్పింది ఆటతోనే. మందుగుండుతో కుక్కకేం పని? దానికి కావాల్సింది బంతి. ఆ వాసన దొరికిన చోటే బంతి దొరుకుతుందని దానికి నమ్మకం కుదిరితే, ఎంతసేపైనా వెతుకుతుంది. కానీ దొరికాక గీరకూడదు, మొరగకూడదు, నోరు పెట్టకూడదు. అక్కడే కూర్చోవాలి. గీరితే ప్రాణాల మీదికొస్తుంది. చెర్వుగట్టు జాతరకు జనం రాకముందే, తెల్లవారుజామున నా కుక్క రాణిని తిప్పేవాణ్ణి. ఒకవైపు మైకు టెస్టింగు, ఇంకోవైపు దుకాణాలు వేసుకునేవాళ్ల అరుపులు. మేమే దాచిన శాంపిల్ దగ్గరికి రాగానే టక్కున కూర్చునేది. తొడల కండరాలు వణుకుతూనే ఉండేవి, ముక్కు మాత్రం అటు నుంచి కదిలేది కాదు. అంత జోరు, అంత నిగ్రహం ఒకేసారి ఉండాలి. లడ్డు జోరు తగ్గించాలని చూడకు. ఆ జోరులో కూడా నీ మాట దాని చెవికి ఎక్కాలి.

ముందు దాని జోరు ఏ స్థాయిలో ఉందో కనిపెట్టడం నేర్చుకో. ఆట మధ్యలో ఉడికించిన చికెన్ ముక్క ఒకటి ఇచ్చి చూడు. పెదవులతో మెత్తగా తీసుకుంటే బుర్ర పనిచేస్తున్నట్టే. పళ్లు నీ వేళ్లకు గీరుకుంటే హద్దు దాటుతోంది. ముక్క వైపు చూడనే చూడకపోతే దాటిపోయింది. అప్పుడు సిట్ సిట్ అని అరిచి లాభం లేదు, ఆ మాట విలువే పోతుంది. నాలుగు ముక్కలు గడ్డిలో చల్లి వెతుక్కోనివ్వు. ముక్కు పని మొదలైతే ఒళ్లు దానంతటదే నెమ్మదిస్తుంది.

బంతి విషయంలో ఒకటే పద్ధతి పెట్టుకో. లడ్డు ఎగిరితే బంతి నీ వెనక్కి పోతుంది. నాలుగు కాళ్లూ నేల మీద పెట్టి నీ ముఖం చూసిన క్షణంలో బంతి ఎగరాలి. మొదట్లో అర సెకను చూసినా చాలు, విసిరెయ్. తర్వాత మెల్లగా పెంచు. ఆలస్యం చేస్తే అది ఎందుకు గెలిచిందో దానికి అర్థం కాదు.

పాత టవల్ ముడేసి గుంజే ఆట కూడా మంచిదే. అది కుక్కను మొండిదాన్ని చేస్తుందని కొందరంటారు, నేను ఒప్పుకోను. లడ్డుకు ఇప్పుడు పాలపళ్లు రాలే వయసు కాబట్టి గట్టిగా లాగకు, పైకి లేపకు. వదలమన్నాక టవల్‌ను నీ తొడకు ఆనించి కదలకుండా పట్టుకో. కదలని టవల్‌తో దానికి సరదా ఉండదు. వదిలేస్తుంది. వదిలీ వదలగానే మళ్లీ అందించు. వదిలితే ఆట అయిపోదు, మళ్లీ మొదలవుతుందని తెలిసిన కుక్క మాట వింటుంది.

ఇంకోటి, నీ గొంతు. 2015లో అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీ వాళ్ల పరిశోధన ఒకటి వచ్చింది. పారదర్శకమైన అడ్డు వెనక తిండి పెట్టి, కుక్క చుట్టూ తిరిగి వస్తుందా లేదా అని చూశారు. హుషారు గొంతుతో పిలిస్తే, సేవకు శిక్షణ పొందిన నెమ్మది కుక్కలు ఇంకా బాగా చేశాయి. అసలే గంతులేసే పెంపుడు కుక్కలు మాత్రం తడబడ్డాయి. నీ లడ్డు రెండో రకం. నువ్వేమో చిన్నప్పటి నుంచీ సంతోషమొస్తే కేకేసే పిల్లవి! వాడి దగ్గర మాత్రం గొంతు తగ్గించు. ఎప్పుడైనా డల్‌గా ఉంటే అప్పుడు ఉత్సాహపరచు.

ఎక్కువసేపు ఆడించకు. ఇంకా కావాలని అడుగుతుండగానే ఆపి నీళ్లు పెట్టు, పడుకోనివ్వు. పాలమూరు ఎండలు తెలుసు కదా, పొద్దున ఏడులోపే ముగించు. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పుతూనే వేడి తగ్గించుకోవాలి. నాలుక పొడుగ్గా, చివర వెడల్పుగా వేలాడితే ఆ పూటకు చాలు. రోడ్డు మీదికి తీసుకెళ్లే ముందు నీ చేయి వెనక భాగం తారుకు ఆనించి, కాలుతోందేమో చూడు.

తాడు కట్టిన రబ్బరు బంతి ఒకటి తమ్ముడితో పంపుతున్నా. టెన్నిస్ బంతి నూగు ఎక్కువగా నమిలితే పళ్లు అరుగుతాయి, అది పక్కన పెట్టు. వారం అయ్యాక ఆట వీడియో తీసి పంపు. బంతిని కాదు, లడ్డు ముఖాన్ని తియ్యి.

మీ నాన్న