సంతలో కొన్న మెడల్ తాళాలకు తగిలించేది కాదు

సంపాదకుడు గారికి,

విదేశాల్లో మెడిసిన్ చదువుల గురించి మీ పత్రికలో తరచూ రాస్తున్నారు. ఫీజులు, సీట్లు, నిబంధనలు అన్నీ వస్తున్నాయి. ఒక చిన్న సంగతి మాత్రం ఎవరూ పట్టించుకోవడం లేదు. రష్యాలో చదివే మన పిల్లలు కొందరు సెలవులకు ఇంటికొస్తూ అక్కడి పాత సామాన్ల సంతల్లో సోవియట్ మెడళ్లు కొనుక్కొస్తున్నారు. మాకు తెలిసిన కుర్రాడొకడు అలా తెచ్చినదాన్ని రిబ్బన్ పీకేసి బైక్ తాళాలకు తగిలించాడు.

చూస్తే ఇత్తడి బిళ్ల. ఎడమకు తిరిగిన స్టాలిన్ ముఖం, చుట్టూ 'మనది న్యాయమైన పోరు, మనం గెలిచాం' అని రష్యన్ అక్షరాలు. 1945 మే 9న నెలకొల్పిన 'జర్మనీపై విజయం' మెడల్ అది. దాదాపు కోటి 49 లక్షల మందికి ఇచ్చారు, అందుకే సంతలో చవక. ముందు వరుసలో పోరాడినవాళ్లకే కాదు, గాయపడి మధ్యలోనే సైన్యం వదలాల్సి వచ్చినవాళ్లకూ, సైనిక ఆస్పత్రుల్లో పనిచేసినవాళ్లకూ ఇచ్చారు. రేపు డాక్టరయ్యే పిల్లాడికి ఈ ముక్క తెలిసి ఉండాల్సింది.

దాని మీద పేరు గానీ నంబరు గానీ ఉండవు. పేరు ఉండేది వెంట ఇచ్చిన చిన్న ధ్రువపత్రంలోనే. మొదట్లో మనిషి పోతే రెండూ ప్రభుత్వానికి తిరిగిచ్చేయాలి. 1951 నుంచి జ్ఞాపకంగా కుటుంబాన్నే ఉంచుకోనిచ్చారు. పత్రం ఒకరి చేతికి, మెడల్ ఇంకొకరి చేతికి పోయాయంటే అది ఎవరిదో ఇక తేలదు. అదే రెండో ప్రపంచ యుద్ధంలో రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్‌కు చెందిన సుబేదార్ నారాయణరావు నిక్కం, హవల్దార్ గజేంద్రసింగ్ చంద్‌లకు సోవియట్లు రెడ్ స్టార్ అనే సైనిక పురస్కారం ఇచ్చారు. వాటిని ఎవరో తాళాల గుత్తికి వేలాడదీస్తే మనం ఊరుకుంటామా?

ఇక చట్టం సంగతి. రష్యా క్రిమినల్ కోడ్ 324వ అధికరణం ప్రకారం సోవియట్ ప్రభుత్వ పతకాలను కొనడం, అమ్మడం నేరం. సంతలో బాహాటంగానే పరిచి పెట్టారు కదా అనొచ్చు. ఎయిర్‌పోర్టులో ఆపితే మాత్రం అమ్మినవాడు రాడు. వీసా మీద ఉన్న పిల్లలకు ఈ టెన్షన్ ఎందుకు? గుర్తుగా ఏదైనా కావాలంటే అక్కడే మామూలు బ్యాడ్జీలు బోలెడు దొరుకుతాయి.

పిల్లల్ని పంపే కన్సల్టెన్సీలు ప్రయాణానికి ముందు స్వెట్టర్ల గురించి, పచ్చళ్ల గురించి గంటసేపు చెబుతాయి. ఇదొక్క మాట కూడా కలపమని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ఇప్పటికే తెచ్చుకున్నవాళ్లు, ధ్రువపత్రం కూడా ఉంటే, దయచేసి రెండింటినీ విడదీయకండి.

– ఒక పాఠకుడు, గుంటూరు