సిరెట్ ఊరి అవ్వకు, ఇంకా అందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. మా పాప నిన్న రాత్రి పదకొండున్నరకు కడపలో ఇంటికి చేరింది. ఇప్పుడు పక్క గదిలో నిద్రపోతోంది. పది రోజులుగా మాకు నిద్ర లేదు, రాతలో తప్పులుంటే ఏమీ అనుకోవద్దు. ఫోన్ చేసిన అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను.

పాప ఉక్రెయిన్‌లో, చెర్నివ్‌ట్సిలో మెడిసిన్ నాలుగో సంవత్సరం. 2022 ఫిబ్రవరి 24న యుద్ధం మొదలైంది, 26న పిల్లలు బస్సులో రొమేనియా సరిహద్దుకు బయల్దేరారు. కార్ల వరుస కదలక బస్సువాడు 8 కిలోమీటర్ల ముందే దింపేశాడు. మంచులో నడిచి, గేటు దగ్గర తోపులాటలో రెండు రాత్రులు నిలబడి, 28 రాత్రి రొమేనియాలోని సిరెట్ అనే ఊరి వైపు దాటారు. అప్పటికి బూట్లు తడిసి పాప కాళ్లు మొద్దుబారిపోయాయంట.

అక్కడ టెంట్ల దగ్గర ఒక పెద్దామె టీ పోస్తోంది. డెబ్బై ఏళ్లుంటాయంట. అప్పుడే ఎవడో వచ్చి వాళ్ల రాజధాని బుకారెస్ట్ దాకా వ్యానులో ఊరికే దింపుతానన్నాడు, మా పాపతో కలిపి నలుగురు ఆడపిల్లలు, ఎక్కబోయారు కూడా. ఆమె టీ కెటిల్ కింద పెట్టేసి అడ్డం వచ్చి, పిల్లల్ని చెయ్యి పట్టి వెనక్కి లాగి, పోలీసును పిలిచి వ్యాను నంబరు రాయించింది. పేరు నమోదు కాని బండి ఏదీ ఎక్కొద్దని సైగలతోనే చెప్పిందంట. వాడు మంచివాడో చెడ్డవాడో నాకు తెలియదు. అలాంటి చోట ఆడపిల్లల కోసం ఎలాంటివాళ్లు కాచుకుని ఉంటారో ఆమెకు తెలుసు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు గుండె దడ తగ్గలేదు.

తర్వాత నలుగురినీ తన ఇంటికే తీసుకుపోయింది. తన మంచం వాళ్లకిచ్చి, తలుపు దగ్గర కుర్చీలో తను పడుకుంది, రెండు రాత్రులు. పిల్లల సాక్సులు ఉతికి పొయ్యి పక్కన ఆరేసి, తన ఉన్ని సాక్సులు పాపకు తొడిగింది. వీళ్లు మాంసం తినరని మనవడి ఫోన్లో ట్రాన్స్‌లేటర్ పెట్టి తెలుసుకుని, మొక్కజొన్న పిండితో మమలీగ అని వాళ్ల తిండి చేసి పెట్టింది. పాప వీడియో కాల్లో ప్లేటు చూపించి "నాన్నా, సంగటి నాన్నా, పసుపు సంగటి" అంది. అంతవరకు వాళ్లమ్మ ముందు గట్టిగా ఉన్నవాణ్ని, ఆ ప్లేటు చూసి ఏడ్చేశాను. ఆమె ఫోన్లోకి వచ్చి ఏదో చెప్పింది, నా నోట "అమ్మా" తప్ప ఇంకో మాట రాలేదు. ఆమె గుండె మీద చెయ్యి పెట్టుకుంది. పిల్లలు ఆమెను బునీకా అని పిలిచారు, అంటే అవ్వ అంట.

1990లో ఇరాక్ దాడి చేసినప్పుడు మా పెదనాన్న కువైట్ నుంచి జోర్డాన్ మీదుగా బయటపడి వచ్చాడు. దారిలో నీళ్లిచ్చిన ఒకాయన గురించి చచ్చిపోయేదాకా చెప్పేవాడు. మాకు ఈ అవ్వ అలాగే.

ఒక మాట మాత్రం చెప్పకుండా ఉండలేను. మన ప్రభుత్వం ఆపరేషన్ గంగ పేరుతో నడిపిన విమానంలో పైసా తీసుకోకుండా తెచ్చారు, దానికి రుణపడి ఉంటాం. కానీ సాయానికని ఇచ్చిన నంబరుకు ఎన్నిసార్లు చేశానో లెక్క లేదు, ఒక్కసారి ఎత్తి "బోర్డర్ దగ్గరే ఉండమనండి" అని పెట్టేశారు. ఆ చలిలో ఎట్లా ఉంటారు? 450 కిలోమీటర్లకు పైగా ఉన్న బుకారెస్ట్‌కు చేర్చింది కూడా ఆ ఊరివాళ్లు మాట్లాడిన బస్సే. ఇక "అంత దూరం ఎందుకు పంపారు" అని అడిగేవాళ్లకు, ఇక్కడ ప్రైవేటు సీటుకు అడిగే డబ్బు మా తాహతులో లేదు, అంతే.

మా బావ, తమ్ముడు, వదిన, అందరూ తోడున్నారు.

అయ్యో, మర్చిపోయాను, పాప బ్యాగు కూడా మోసిన నంద్యాల సీనియర్ బాబుకు, ఢిల్లీలో ఏపీ భవన్‌లో అన్నం పెట్టినవాళ్లకు, పెద్ద దర్గాలో దువా చేయించిన మా వీధి టైలర్ భాయ్‌కి కూడా కృతజ్ఞతలు. అర్ధరాత్రి షాపు తెరిచి పాప ఫోన్‌కు రీఛార్జ్ చేసిన పిల్లాడి పేరు కూడా అడగలేదు.

ఆ ఉన్ని సాక్సులు ఉతికి దండెం మీద ఆరేశాం. రొమేనియన్ రాయడం వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, అవ్వకు ఉత్తరం రాయాలి.