వార్షిక నివేదిక: ఖాళీ సీసాల డిపాజిట్ సొమ్ము, పర్యావరణ కార్యక్రమాలు

గౌరవ సభ్యులకు కార్యవర్గం తరఫున నమస్కారాలు.

ఉగాది సంబరాల్లోనూ వేసవి వనభోజనాల్లోనూ పోగుపడిన ఖాళీ క్యాన్లను, సీసాలను దుకాణాల్లో తిరిగి ఇచ్చి, కొనేటప్పుడు వాటిపై అదనంగా కట్టిన డిపాజిట్ సొమ్మును వెనక్కి తీసుకుని ప్రత్యేక పద్దులో ఉంచాలన్న సర్వసభ్య సమావేశ తీర్మానాన్ని ఈ ఏడాది అమలు చేశాము. ఎవరూ తమదని అడగని ఆ సొమ్మును భోజనాల ఖర్చుకు మళ్లించకుండా, చెరువు గట్టును శుభ్రం చేసే కార్యక్రమానికి కావలసిన చేతితొడుగులకు, సంచులకు మాత్రమే వాడాము. లెక్కలను కోశాధికారి విడిగా సమర్పిస్తారు.

మన మిషిగన్ రాష్ట్రం చేస్తున్నదీ పెద్ద ఎత్తున ఇదే. 1976లో ఓటర్లు ఆమోదించగా 1978లో అమలులోకి వచ్చిన చట్టం ప్రకారం బీరు, సోడా వంటి పానీయాల ప్రతి క్యాన్ మీదా, సీసా మీదా 10 సెంట్ల డిపాజిట్ ఉంటుంది. తిరిగి రాని సీసాల సొమ్ము మొదట్లో పంపిణీదారుల దగ్గరే ఉండిపోయేది. 1989లో చట్టాన్ని సవరించిన తరువాత అందులో 75 శాతం రాష్ట్రానికి, 25 శాతం దుకాణదారులకు వెళ్తోంది. రాష్ట్రానికి చేరిన దానిలో అధిక భాగం పాత పరిశ్రమల స్థలాల్లో కలుషితమైన నేలను, భూగర్భ జలాన్ని బాగుచేసే నిధికి జమ అవుతుంది.

అలాంటప్పుడు క్యాన్‌ను చెత్తబుట్టలో వేసినా పర్యావరణానికి మేలే కదా అని కొందరు సభ్యులు అడిగారు. ప్రశ్న న్యాయమైనదే గానీ, కార్యవర్గం అందుకు అంగీకరించడం లేదు. పారేసిన క్యాన్‌పై రాష్ట్రానికి దక్కేది ఏడున్నర సెంట్లు. పోయేది మాత్రం మళ్లీ కరిగించదగిన అల్యూమినియం, దానిని బాక్సైట్ నుంచి కొత్తగా తీయడానికి పట్టే శక్తిలో సుమారు 95 శాతం ఆదా. పైగా జనం సీసాలు తిరిగి ఇచ్చేకొద్దీ ఈ నిధి తరిగిపోతుంది కనుక, శుభ్రత పనులను దీని మీదే నడపాలనుకోవడం, మన అభిప్రాయంలో, జనం బద్ధకాన్ని నమ్ముకోవడమే. కరోనా కాలంలో 2020లో కొన్ని నెలలు సీసాల వాపసు నిలిచిపోయిన తరువాత, అంతకుముందు 90 శాతానికి దగ్గరగా ఉన్న వాపసు రేటు బాగా పడిపోయింది.

ఆచరణలో ఎదురైన ఇబ్బందులను కూడా చెప్పాలి. పిల్లలు సరదాగా నలిపేసిన క్యాన్లను, దుకాణంలో ఖాళీలు తీసుకునే యంత్రం చారల గుర్తు (బార్‌కోడ్) చదవలేక వెనక్కి నెట్టింది. ఒక వ్యక్తికి రోజుకు 25 డాలర్లకు మించి దుకాణం చెల్లించనవసరం లేదు గనుక, వనభోజనాల సరుకును పలువురు స్వచ్ఛంద సేవకులు పంచుకుని తీసుకువెళ్లారు. జిగురు కారే ఆ సంచులను తమ కార్లలో ఎక్కించుకున్నందుకు వారికి ప్రత్యేక కృతజ్ఞతలు.

మన సంచుల్లో అన్నిటికంటే ఎక్కువగా మిగిలినవి మంచినీళ్ల సీసాలు. వాటికి ఇక్కడ డిపాజిట్ లేదు. న్యూయార్క్ రాష్ట్రం 2009లోనే వాటిని తన చట్టంలో చేర్చింది. మిషిగన్‌లోనూ చేర్చాలని కోరుతూ మన ప్రాంత శాసనసభ్యులకు సంఘం తరఫున లేఖ పంపే ప్రతిపాదనను, వచ్చే ఉగాది నుంచి సీసాలకు బదులు పెద్ద నీళ్ల క్యాన్లు, స్టీలు గ్లాసులు పెట్టే ప్రతిపాదనను సభ్యుల ఆమోదం కోసం ఉంచుతున్నాము.