మీ స్టాటిక్ ఐపీ నంబరు మారుతోంది, కొందరికి అది అసలు అక్కర్లేదు

పలాస, కాశీబుగ్గ కస్టమర్లందరికీ నమస్కారం.

మా దగ్గర ఇంటర్నెట్ కనెక్షన్‌తో పాటు స్టాటిక్ ఐపీ (మీ ఒక్క లైనుకే విడిగా ఇచ్చే, మారని ఇంటర్నెట్ అడ్రసు నంబరు) తీసుకున్న 61 కనెక్షన్ల నంబర్లు ఈ నెలాఖరుకు మారిపోతాయి. ఇచ్చిన రోజున "ఇది ఇంక మారదండీ" అని చెప్పింది నేనే. ఆ మాట నిలబెట్టుకోలేకపోతున్నాను. అందుకే బిల్లు వెనకాల రెండు ముక్కలు ప్రింటు వేసి ఊరుకోకుండా, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. కాస్త పొడుగే అవుతుంది, ఓపిగ్గా చదవండి. ఇంటి కనెక్షన్ మీద స్టాటిక్ ఐపీ పెట్టించుకున్నవాళ్లు మాత్రం తప్పకుండా చదవాలి. మీలో చాలామంది దానికి నెలనెలా డబ్బు కట్టాల్సిన పనే లేదు.

విషయం ముందుగా ఫోన్లో చెప్పినప్పుడు ఒక జీడి ఫ్యాక్టరీ యజమాని నన్ను సూటిగా అడిగారు: "స్టాటిక్ అంటే కదలనిది అన్నావు కదయ్యా, మరి మారడమేటి?" న్యాయమైన ప్రశ్న. ఆ నంబర్లు మొదటినుంచీ మావి కావు. మాకు పైనుంచి బ్యాండ్‌విడ్త్ ఇచ్చే కంపెనీవి. వాళ్లు 64 నంబర్ల బ్లాకు ఒకటి మాకు అద్దెకిచ్చారు. అందులో మొదటిదీ చివరిదీ వాడుకోవడానికి పనికిరావు, ఒకటి మా గేట్‌వేకి (మీ లైన్లు బయటికి వెళ్లే మా పరికరానికి) పోతుంది, మిగిలిన 61 మీకు ఇచ్చాం. ఆ కంపెనీ లైను మీద మనం ఉన్నంతకాలమే అవి మనవి. లైను మార్చుకుంటే వాళ్ల నంబర్లు వాళ్లకు తిరిగి ఇచ్చేయాలి. ఈ సంగతి నాకు అప్పుడే తెలుసు. మీకు చెప్పలేదు, అది నా తప్పు.

లైను ఎందుకు మారుస్తున్నామో కూడా చెప్పాలి. ఇప్పటిదాకా మనకు ఫైబర్ వచ్చేది ఒక్క దారిలోనే. విశాఖ నుంచి జాతీయ రహదారి 16 పక్కన, శ్రీకాకుళం, నరసన్నపేట, టెక్కలి మీదుగా. ఆ దారిలో ఎక్కడ జేసీబీ పంజా పడినా మన ఊళ్లో నెట్ మొత్తం ఆగిపోయేది. తెగింది ఎక్కడో వెతికి పట్టుకుని, స్ప్లైసింగ్ చేసి, అంటే తెగిన కొసలు అతికించి, ఫైబర్‌లో సిగ్నలు వచ్చేసరికి ఐదారు గంటలు. ఆ ఐదారు గంటలూ మీ ఫోన్లకు నేను చెప్పిన జవాబు ఒక్కటే: "పైన కట్టయింది సార్, చేస్తున్నారు." చేసేది మా చేతిలో లేదు. కొత్త ఏర్పాటులో రెండు దారులున్నాయి. ఒకటి విశాఖ వైపు నుంచి, రెండోది ఇచ్ఛాపురం మీదుగా బరంపురం వైపు నుంచి. ఒకటి తెగితే రెండోదాని మీద నడుస్తుంది.

తుపాను వస్తే మాత్రం రెండు దారులున్నా హామీ ఇవ్వలేను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ మన మీద పడినప్పుడు మా వైరును మోసే కరెంటు స్తంభాలే నేలకొరిగాయి. కొబ్బరి, జీడి తోటలు కూలిపోయి జనం ఏడుస్తుంటే నెట్ గురించి అడిగే ధైర్యం ఎవరికుంటుంది? కరెంటు వచ్చాక కూడా చాలా ఇళ్లకు మా లైను వెంటనే రాలేదు. ఆ నెల బిల్లు కట్టనవసరం లేదన్నా కొందరు వచ్చి కట్టి వెళ్లారు. అలాంటి కస్టమర్లకు సగం నిజం చెప్పి వ్యాపారం చేయడం నాకు ఇష్టం లేదు.

ఈసారి నంబర్లు అద్దెకు తీసుకోలేదు. మన దేశంలో ఇంటర్నెట్ అడ్రసులు కేటాయించే ఐఆర్ఐఎన్ఎన్ దగ్గర సభ్యత్వం తీసుకుని, మా పేరు మీదే 256 అడ్రసుల బ్లాకు తెచ్చుకున్నాం. ఇకమీదట పైనున్న కంపెనీని ఎన్నిసార్లు మార్చినా మీ నంబరు మారదు. ఈ పని నాలుగేళ్ల కిందటే చెయ్యాల్సింది. ఫీజు ఉంది, కాగితాల పని ఉంది, రెండు లైన్లను కలిపి నడిపే పెద్ద రూటర్ కొనాలి, దాన్ని నడపడం నేర్చుకోవాలి. వచ్చే ఏడాది చూద్దాంలే అని వాయిదా వేస్తూ వచ్చాను. మీకు ఇప్పుడు ఈ ఇబ్బంది ఆ వాయిదా వల్లే. ఒక మాట స్పష్టంగా ఉండాలి: ఆ బ్లాకు మా పేరు మీద నమోదైంది, మీ పేరు మీద కాదు. మీరు వేరే కంపెనీ కనెక్షన్‌కి వెళ్తే మొబైల్ నంబరులాగా ఇది మీతో రాదు.

256 అంటే చాలా తక్కువ అనిపిస్తుంది. కానీ అడిగినన్ని దొరకవు. మొదటినుంచీ వాడుతున్న ఐపీవీ4 పద్ధతిలో ప్రపంచం మొత్తానికి ఉన్న అడ్రసులు 429 కోట్లు. మనుషులే 800 కోట్లు దాటారు, ఇక ఫోన్లు, టీవీలు, కెమెరాలు లెక్కేస్తే చెప్పక్కర్లేదు. ప్రపంచంలోని ప్రాంతాలకు పంచే కేంద్ర నిల్వ 2011 ఫిబ్రవరి 3న అయిపోయింది, ఇప్పుడు ఒక్కో ప్రాంతం దగ్గర మిగిలినవే. మన ఆసియా పసిఫిక్ ప్రాంతానికి పంచే ఏపీఎన్ఐసీ 2019 నుంచి కొత్త సభ్యుడికి 512 మించి ఇవ్వడం లేదు. 256 కంటే చిన్న ముక్క తీసుకుంటే బయటి నెట్‌వర్కులు దాన్ని ఒప్పుకోవు. మా తాహతుకు 256 సరిపోయింది. అందులో కొన్ని మా సొంత పరికరాలకు పోతాయి, ఎక్కువ భాగం మామూలు ఇళ్లన్నీ కలిసి వాడుకోవడానికి పోతుంది. విడిగా ఒక్కొక్కరికి ఇవ్వగలిగినవి వంద దాటవు.

"కలిసి వాడుకోవడం" అంటే ఏమిటో తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. పాత రోజుల్లో కాశీబుగ్గ బస్టాండు దగ్గర ఎస్టీడీ బూత్‌లో నిలబడి హైదరాబాద్‌కి ఫోన్ చేసినవాళ్లకు గుర్తుంటుంది. బూత్‌కి ఉన్నది ఒకే నంబరు. ఎంతమందైనా బయటికి మాట్లాడొచ్చు. కానీ అవతలివాళ్లు నేరుగా మీ ఇంటికి ఫోన్ చెయ్యాలంటే ఆ నంబరు పనికిరాదు. మామూలు ఇంటి కనెక్షన్‌కి మేం చేసేది అదే. దాన్ని సీజీన్యాట్ అంటారు. ఒక అడ్రసు మీద 65,536 పోర్టులు, అంటే రాకపోకలకు తలుపుల్లాంటివి, ఉంటాయి, మొదటి వెయ్యీ పక్కన పెట్టి మిగిలినవి 32 ఇళ్లకు పంచుతాం, ఇంటికి సుమారు రెండు వేలు వస్తాయి. సినిమా చూడ్డానికి, పిల్లల క్లాసుకి, వీడియో కాల్‌కి అవి ధారాళంగా సరిపోతాయి. స్టాటిక్ ఐపీ అంటే బూత్ కాకుండా మీ ఇంటికే సొంత ఫోన్ నంబరు పెట్టించుకోవడం.

మీకు ఏది ఉందో మీరే చూసుకోవచ్చు. రూటర్ పేజీ తెరిచి వ్యాన్ ఐపీ (WAN IP, రూటర్‌కి బయటివైపు నంబరు) అని ఉన్నచోట చూడండి. 100.64 నుంచి 100.127 లోపు మొదలయ్యే నంబరు ఉంటే మీరు కలిసి వాడుకునే లైను మీద ఉన్నట్టు. ఆ అంకెల వరుసను ఇందుకోసమే 2012లో ప్రపంచమంతా పక్కన పెట్టింది.

ఇప్పుడు నన్ను ఎక్కువగా బాధపెట్టిన విషయానికొస్తాను.

రిటైరైన మాస్టారు ఒకరు మా కస్టమర్. కొడుకు బెంగళూరులో ఉద్యోగం. అమ్మానాన్నలు ఎలా ఉన్నారో చూసుకోవడానికి ఇంట్లో నాలుగు కెమెరాలు పెట్టించాడు. ఫోన్లో చూడాలంటే స్టాటిక్ ఐపీ ఉండాలని మా కుర్రాడు చెప్పాడు, వాళ్లు తీసుకున్నారు. బయటినుంచి నేరుగా కెమెరాల్లోకి రావడానికి మా కుర్రాడే రూటర్‌లో పోర్టు తెరిచాడు. డీవీఆర్‌కి (కెమెరాల వీడియో రికార్డు చేసే పెట్టెకి) కంపెనీ పెట్టిన పాస్‌వర్డు అలాగే వదిలేశాడు. కొన్నాళ్లకు మాస్టారు ఫోన్ చేసి, "నెట్ బాగా నెమ్మదైపోయింది బాబూ" అన్నారు. గ్రాఫ్ తీసి చూస్తే రాత్రి పన్నెండు నుంచి తెల్లారేదాకా ఆ ఇంటి అప్‌లోడు నిండిపోయి ఉంది. ఇద్దరూ నిద్రపోయే వేళ. డీవీఆర్ ఎవరి చేతిలోకో వెళ్లిపోయింది. దాన్ని వాడుకుని ఎవరి మీదో దాడి చేస్తున్నారు. ఆ కెమెరాల్లో ఒకటి హాల్లో ఉంది. అందులోంచి ఎవరు ఏం చూశారో మాకు తెలియదు. ఆ మాట మాస్టారికి చెప్పడానికి నేనే వెళ్లాను. ఆయన ఒక్క మాట అనలేదు. అది ఇంకా కష్టంగా అనిపించింది.

ఇది కొత్త సంగతేమీ కాదు. 2016లో మిరాయ్ అనే వైరస్ ఇలాగే పాస్‌వర్డు మార్చని కెమెరాలను, డీవీఆర్‌లను లక్షల్లో పట్టుకుని, అదే ఏడాది అక్టోబరులో అమెరికాలో పెద్దపెద్ద సైట్లను గంటల తరబడి ఆపేసింది. అలాంటిది తెలిసి కూడా మేం జాగ్రత్త తీసుకోలేదు. అంతకన్నా ముఖ్యంగా, మాస్టారి ఇంటికి స్టాటిక్ ఐపీ అక్కర్లేనే లేదు. ఈ మధ్య వచ్చే డీవీఆర్‌లు దాదాపు అన్నీ వాటి కంపెనీ యాప్ ద్వారా పనిచేస్తాయి. డీవీఆర్ మీద ఉన్న క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే చాలు, డీవీఆరే బయటికి వెళ్లి యాప్‌ను కలుసుకుంటుంది. ఎస్టీడీ బూత్ నంబరు మీద కూడా నడుస్తుంది. పోర్టు తెరిచే పనే లేదు.

పరిశీలిస్తే 61లో 38 ఇళ్ల కనెక్షన్లే. వాటిలో చాలావరకు కెమెరాల కోసం తీసుకున్నవే. కొందరైతే స్పీడు పెరుగుతుందని తీసుకున్నారట. స్టాటిక్ ఐపీతో స్పీడు పెరగదు. ఎప్పుడూ పెరగలేదు. మావాళ్లు ఎవరైనా అలా చెప్పి అమ్మి ఉంటే ఆ మాటకు బాధ్యత నాది. ఇంటినుంచి సాఫ్ట్‌వేర్ పని చేసుకునేవాళ్లకు కూడా సాధారణంగా అక్కర్లేదు. లాప్‌టాప్‌లోని వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్కుకు కలిపే భద్రమైన దారి) ఇక్కణ్నుంచి బయటికే వెళ్తుంది. మీ కంపెనీ ఐటీ వాళ్లు "మీ ఐపీ ఇవ్వండి, లిస్టులో పెట్టుకుంటాం" అని అడిగితే మాత్రం కావాలి.

ఆ 38 ఇళ్లకూ మా మనిషి వస్తాడు. కెమెరాలను యాప్ మీదకు మార్చి, పాస్‌వర్డు మీ చేత్తోనే పెట్టించి, తెరిచిన పోర్టులు మూసేస్తాడు. దానికి డబ్బు తీసుకోడు. నెలకు 150 చొప్పున మీరు కట్టినదాంట్లో ఆఖరి 12 నెలలది, 1800 రూపాయలూ దాని మీద కట్టిన జీఎస్టీతో సహా మీ బిల్లులో తగ్గిస్తాం. అంతకన్నా ఎక్కువ ఇవ్వాలని ఉంది, ఇప్పుడు నా చేతిలో అంతే ఉంది. చాలా పాత డీవీఆర్ ఉండి యాప్ పనిచెయ్యకపోతే అప్పుడు కూర్చుని మాట్లాడుకుందాం.

నిజంగా అవసరమైనవాళ్లు ఎవరంటే, ఫ్యాక్టరీలో ఉన్న ట్యాలీ లెక్కల సాఫ్ట్‌వేర్‌ని విశాఖ ఆఫీసునుంచి తెరిచేవాళ్లు, రెండు బ్రాంచీలను కలుపుకున్నవాళ్లు, సొంత సర్వర్ నడిపేవాళ్లు, బ్యాంకు సాఫ్ట్‌వేర్‌లో తమ ఐపీని నమోదు చేయించుకున్నవాళ్లు. జీడి పిక్కల బస్తాలు దిగే చోట, కాటా దగ్గర కెమెరాలు పెట్టి పాత సాఫ్ట్‌వేర్‌తో చూసుకునే ఫ్యాక్టరీలు కూడా ఇందులోకే వస్తాయి. వీళ్లకు కొత్త ధర నెలకు 200, జీఎస్టీ 18 శాతం కలిపి 236 రూపాయలు. పెంచుతున్నాను, దాచడం లేదు. కొత్త బ్లాకు ఫీజు, రూటర్ ఖర్చు అందులోంచే రావాలి.

ట్యాలీ వాళ్లకు విడిగా ఒక విన్నపం. మీలో కొందరి కంప్యూటర్లలో రిమోట్ డెస్క్‌టాప్ (దూరం నుంచి కంప్యూటర్ తెరిచే సౌకర్యం) వాడే 3389 పోర్టు లోకానికంతటికీ తెరిచి ఉంది. ఆ తలుపు తట్టే ప్రోగ్రాములు ప్రపంచంలో రాత్రీపగలూ తిరుగుతూనే ఉంటాయి. పాస్‌వర్డు దొరికిన రోజున మీ లెక్కలన్నీ తాళం వేసి డబ్బు అడుగుతారు. కొత్త నంబరుకు మార్చేటప్పుడే వీపీఎన్ పెట్టి ఆ పోర్టు మూసేద్దాం. లెక్కల బ్యాకప్ ఒకటి ఆ కంప్యూటర్‌కి తగిలించకుండా విడిగా పెట్టుకోండి. దయచేసి దీన్ని వాయిదా వెయ్యకండి.

మార్చే పద్ధతి ఇదీ. 28వ తేదీ దాకా పాత నంబరు కూడా పనిచేస్తుంది. ఒక్కొక్కరికి ఫోన్ చేసి, మీకు వీలైన టైము అడిగి, అప్పుడే మారుస్తాం. అరగంట పని. కొత్త నంబరు రెండు రోజుల ముందే కాగితం మీద రాసి ఇస్తాం, బ్యాంకు వాళ్లకు, ఐటీ వాళ్లకు ముందుగా చెప్పుకోవడానికి. సొంత డొమైను ఉన్నవాళ్లు డీఎన్ఎస్‌లో (పేరును నంబరుకు కలిపే పట్టికలో) టీటీఎల్, అంటే పాత నంబరును గుర్తుపెట్టుకునే గడువు, ముందురోజే తగ్గించుకోండి. మెయిల్ సర్వర్ ఉన్నవాళ్లు రివర్స్ డీఎన్ఎస్ (నంబరు నుంచి పేరు చెప్పేది) పేరు మాకు ఇవ్వండి, మేం పెడతాం. మొదటి కొన్ని వారాలు కొన్ని సైట్లు మీరు వేరే ఊళ్లో ఉన్నట్టు చూపించొచ్చు, కొత్త బ్లాకు ఎక్కడిదో వాళ్ల లెక్కల్లోకి ఎక్కడానికి టైము పడుతుంది. బ్యాంకు నుంచి కొత్త లాగిన్ అని మెసేజ్ వస్తే, ఆ సమయంలో లాగిన్ అయింది మీరేనా అని మాత్రం చూసుకోండి.

ఐపీవీ6 (ఐపీవీ4 తర్వాత వచ్చిన కొత్త అడ్రసుల పద్ధతి) గురించి కొందరు అడిగారు. కొత్త లైను మీద ఇస్తున్నాం, దానికి వేరే డబ్బు లేదు. అందులో అడ్రసుల కొరత లేదు, ఒక్కో ఇంటికి ఏకంగా ఒక బ్లాకే వస్తుంది. కానీ అవతలివైపు కూడా ఐపీవీ6 ఉండాలి, పాత డీవీఆర్‌లకు అది తెలియదు. రూటర్‌లో ఫైర్‌వాల్ (బయటివాళ్లను లోపలికి రాకుండా ఆపేది) మాత్రం ఎప్పుడూ ఆపకండి.

మాస్టారి ఇంట్లో డీవీఆర్ మార్చడం అయింది. హాల్లో కెమెరా తీసి వరండాలో పెట్టించారు. మిగతా ఇళ్లకు సోమవారం నుంచి మొదలుపెడతాం, ముందు కాశీబుగ్గ వైపు, తర్వాత పలాస. ఫ్యాక్టరీలకు నేనే వస్తాను. ఆదివారం మధ్యాహ్నం లోడింగ్ ఉండదు కాబట్టి ఆ టైము ఎవరికి కావాలో ముందుగా చెప్పండి.