పదమూడు దాటిన పిల్లలకు గ్రంథాలయంలో అల్మరా ఏది?

సంపాదకులకు నమస్కారం.

టీనేజీ ప్రేమల నవలలు చదివి పిల్లలు చెడిపోతున్నారనీ, అలాంటివి బడి గేటు లోపలికి రానివ్వకూడదనీ ఈ మధ్య మీ లేఖల పేజీలో ఒక పెద్దాయన రాశారు. తొమ్మిది, పది తరగతులకు తెలుగు చెప్పేదాన్ని కాబట్టి ఆయన కంగారు నాకు కొత్తేమీ కాదు. కానీ ఆయన్ను ఒకటి అడగాలనిపించింది. ఆ నవలలు తెలుగులో ఎక్కడ దొరుకుతున్నాయండీ? కాస్త చెబితే నేనూ తెచ్చుకుంటాను.

మా ఊరి శాఖా గ్రంథాలయం సంగతే చెబుతాను. లోపలికి వెళ్లగానే పిల్లల విభాగం. నీతికథలు, తెనాలి రామకృష్ణుడు, మహనీయుల జీవితచరిత్రలు. దానికి ఎదురుగా గ్రూప్స్, డీఎస్సీ, కానిస్టేబుల్ పరీక్షల పుస్తకాలు. ఖాళీ కుర్చీ దొరకనిది అక్కడొక్కచోటే. వెనక గదిలో పెద్దల నవలలు, అట్టలు ఊడి కొన్ని, ట్వైన్ దారంతో కట్టినవి కొన్ని. పద్నాలుగేళ్ల పిల్ల వస్తే ఆ నీతికథలు ఆరో తరగతిలోనే చదివేసి ఉంటుంది. వెనక గదిలోకి వెళితే ‘నీకక్కడేం పని’ అంటారు.

మా పదో తరగతి అమ్మాయి ఒకతె ఇంగ్లీషు నవలకు ఫిజిక్స్ నోట్సు అట్ట వేసుకుని చదువుతూ నా కంటపడింది. పుస్తకం తీసి చూశాను. ప్రతి పేజీలోనూ అర్థం కాని మాటల మీద పెన్సిల్‌తో, చీమల్లాంటి అక్షరాలతో తెలుగు అర్థాలు రాసుకుంది. కథలో పిల్లకు క్లాసులో ఒక అబ్బాయంటే ఇష్టం, ఇంట్లో అమ్మానాన్నలకు పడదు, తనెవరో తనకే తెలియని గందరగోళం. అంతే. ముద్దు కూడా ఎక్కడో ఒక్కటి. “ఇట్లాంటిది తెలుగులో ఉంటే ఇవ్వండి మేడం, తొందరగా అయిపోద్ది” అంది. ఏమివ్వను?

మా తరం వాళ్లం అద్దె లైబ్రరీ నుంచి నవలలు తెచ్చుకుని, లెక్కల పుస్తకం మధ్యలో పెట్టి చదివాం. వారపత్రిక ఇంటికొస్తే సీరియల్ ఎవరు ముందు చదవాలో అని అక్కాచెల్లెళ్లం కొట్టుకున్నాం. అవి కూడా మన వయసు కథలు కావు. హీరోకు కారు, మేడ ఉండేవి, హీరోయిన్‌కు డిగ్రీ, ఆత్మాభిమానం ఉండేవి. అయినా మనసులో మాట పైకి చెప్పుకోవడం అలవాటైంది. పైకి చెప్పుకోలేని వాళ్లు ఆంధ్రప్రభ వారపత్రికలో పాఠకుల ఉత్తరాలకు జవాబులిచ్చే మాలతీ చందూర్ గారి ‘ప్రమదావనం’ శీర్షికకు ఉత్తరాలు రాసేవాళ్లు. ఇప్పుడు చాలా వారపత్రికలు లేవు, అద్దె లైబ్రరీలు జిరాక్స్ షాపులయ్యాయి. 1947లో మొదలైన చందమామ కూడా ఆగిపోయింది.

నవల లేకపోతే పిల్లలకు ప్రేమ గురించి తెలియకుండా ఉంటుందా? సినిమా ఉందిగా. అమ్మాయి వద్దంటే వెంటపడు, ఇంకా వద్దంటే ఇంకా వెంటపడు, ఇంటర్వెల్‌కు ఒప్పుకుంటుంది. ఇదీ అక్కడ నేర్చుకునేది. దాన్ని కుటుంబమంతా కలిసి వెళ్లి చూసొస్తాం. తీరా ‘ప్రేమించలేదని కత్తితో దాడి’ అనే వార్త మీ జిల్లా పేజీలో చదివి, రోజులు బాగాలేవంటాం. కాదంటే కాదనే అర్థమని ఒక కుర్రాడికి తెలియాలంటే, ఆ ‘కాదు’ అన్న అమ్మాయి తలలో ఏముందో మూడొందల పేజీలు చదవాలి. ఆ పని నవల చేసినట్టు ఇంకేదీ చేయదని నా గట్టి నమ్మకం.

ఇంకో సంగతి ఉంది. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లంతా పిల్లలే. ఇద్దరికీ ఇష్టమైనా సరే, శారీరక సంబంధం నేరమే. పదహారేళ్ల అమ్మాయిని తీసుకుని ఊరు దాటిన పంతొమ్మిదేళ్ల కుర్రాడికి ఈ సంగతి పోలీస్ స్టేషన్‌లోనే మొదటిసారి తెలుస్తుంది. సివిక్స్ పాఠంగా చెబితే పిల్లలు పరీక్షకు రాసి మర్చిపోతారు. అదే ఒక కథలో, తమలాంటి ఇద్దరికి జరిగితే మర్చిపోరు.

ప్రేమ ఒక్కటే కాదు. కులం తక్కువని స్నేహితురాలి ఇంట్లో గ్లాసు వేరుగా ఇచ్చారని నా దగ్గర ఏడ్చిన పిల్ల ఉంది. నడక చూసి ఏడిపిస్తున్నారని బడి మానేసిన అబ్బాయి ఉన్నాడు. ట్రాన్స్‌జెండర్లను మూడో జెండర్‌గా గుర్తిస్తూ 2014లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. పెద్దల మధ్య పరస్పర అంగీకారంతో ఉండే స్వలింగ సంబంధం నేరం కాదని 2018లో చెప్పింది. కోర్టు చెప్పి ఇన్నేళ్లయింది, ఆ అబ్బాయికి చదవమని ఇవ్వడానికి మా బడి బీరువాలో ఒక్క తెలుగు పుస్తకం లేదు.

పెద్దాయన భయం పూర్తిగా తీసేయదగ్గదని నేననడం లేదు. పిల్లల ఫోన్లలోని కథల యాప్‌లలో ఏముందో ఒకసారి చూడండి. మాఫియా బాసు అమ్మాయిని ఎత్తుకెళ్లి బలవంతంగా తాళి కడతాడు, ఎనభయ్యో భాగానికి ఆమె అతన్ని ప్రేమిస్తుంది. తెలుగులోనే, ఉచితంగా, అర్ధరాత్రి దుప్పటి కింద చదువుకోవచ్చు. దానికి గేటు దగ్గర కాపలా పెట్టలేం. మంచి ఎడిటర్ చేయి పడిన పుస్తకం పక్కన ఉంటే పిల్లలకు తేడా తెలుస్తుంది.

మరి పుస్తకాలు ఎందుకు రావడం లేదు? రాసినా కొనేవాళ్లు లేరని ప్రచురణకర్తలు అంటారు. పిల్లల పుస్తకాలకు సాహిత్య అకాడమీ బాల సాహిత్య పురస్కారం ఉంది. యువ పురస్కారం ఉంది కానీ అది ముప్పయ్యైదేళ్ల లోపు రచయితలకు, చదివేది యువకులా కాదా అన్నదానితో నిమిత్తం లేదు. మన సెన్సారోళ్లు మాత్రం ముందే మేలుకున్నారు. పిల్లలు పెద్దల సలహాతో చూడదగ్గ సినిమాలకిచ్చే యూఏ సర్టిఫికెట్‌ను 2024లో ఏడేళ్లు, పదమూడేళ్లు, పదహారేళ్లు అని విడగొట్టారు. పదమూడేళ్ల వాళ్లూ పదహారేళ్ల వాళ్లూ ఒకటి కాదని సినిమా వాళ్లకు తెలిసింది, పుస్తకాల వాళ్లకు ఇంకా తెలియలేదు.

కొనగలిగిన పెద్ద చేయి ఒకటుంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు. అది జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరాలి. మున్సిపాలిటీలు, పంచాయతీలు ఆ సొమ్ము వసూలు చేసి తమ దగ్గరే అట్టిపెట్టుకుంటున్నాయని మీ పత్రికలోనే ఎన్నోసార్లు రాశారు. ముందు ఆ బకాయిలు కట్టించాలి. కొనే పుస్తకాల జాబితాలో పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్ల కోసం కొంత వాటా పెట్టాలి. ఎంపిక కమిటీలో ఒక హైస్కూలు టీచరు, ఇద్దరు ఇంటర్ పిల్లలు ఉంటే మరీ మంచిది. గ్రంథాలయాలు కొంటాయని తెలిస్తే ప్రచురణకర్తలే రచయితల వెంట పడతారు. నవంబరు 14న గ్రంథాలయ వారోత్సవాలు మొదలవుతాయి కదా, ఈసారి వ్యాసరచన పోటీలతో సరిపెట్టకుండా ప్రతి శాఖలో ఒక అల్మరా ఖాళీ చేసి ‘ఇది మీది’ అని పిల్లలకు చూపిస్తే బాగుంటుంది.

చివరగా మీకూ ఒక విన్నపం. మీ ఆదివారం సంచికలో చిన్నపిల్లల పేజీ ఉంది, చదువులు-ఉద్యోగాల పేజీ ఉంది. ఆ రెండింటికీ మధ్యనున్న పిల్లల కోసం ఒక సీరియల్ వేయండి. రాసే వాళ్లకు ఒక్క షరతు పెట్టండి చాలు: ఆఖరి వారంలో హెడ్మాస్టారు చేత ఉపన్యాసం ఇప్పించకూడదు.

— ఒక తెలుగు ఉపాధ్యాయురాలు,
గుంటూరు జిల్లా