మీ మామ అప్పీలు కాగితాల మీద సంతకం గురించి

చిత్తూరు,
ఆదివారం రాత్రి

నాయనా,

నువ్వు కోపంగా ఫోను పెట్టేసి పన్నెండు రోజులైంది. నేను చేస్తే ఎత్తడం లేదు. ఫోనులో అయితే ఇద్దరం ఏడుస్తాం గానీ విషయం తెగదు. అందుకే రాస్తున్నాను.

అమ్మమ్మను, తాతను చంపిన మామ కోసం ఎలా సంతకం పెట్టావమ్మా అని అడిగావు. ఆ రోజు తోట ఇంటి గడప కడిగింది నేను. పంచనామా అయిపోయిందని పోలీసులు చెప్పాక నాలుగు బిందెల నీళ్లు పోశాను. చెక్క సందులో ఉన్నది పీచుతో రుద్దినా పోలేదు, ఈనెపుల్లతో గీకాను. ఇంతవరకు నీకు చెప్పలేదు. నేను ఆ గడపను మరచిపోయాననుకుంటున్నావేమో, మరచిపోలేదు.

వాడి మీద సాక్ష్యం చెప్పిందీ నేనే. ముందు రోజు కాణిపాకం వెళ్లి, అబద్ధం ఆడనని స్వామి ముందు ప్రమాణం చేసి వచ్చాను. తోట అమ్మి అప్పు తీర్చమని నాన్నతో గొడవ పడ్డాడని చెప్పాను. కొడవలి చూపిస్తే వాడిదేనన్నాను. ఇప్పుడు సంతకం పెట్టిన అఫిడవిట్‌లో కూడా వాడు చేయలేదని నేను ఎక్కడా రాయించలేదు.

సెషన్స్ కోర్టు ఉరిశిక్ష వేసినా, హైకోర్టు ఖాయం చేస్తే తప్ప అది అమలు కాదట. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 366వ సెక్షన్, దాని బదులు వచ్చిన నాగరిక సురక్షా సంహితలో 407 అని వకీలు గారు చీటీ మీద రాసిచ్చారు. అప్పీలు వేయకపోయినా ఫైలు నేలపాడులోని హైకోర్టుకు వెళ్లాల్సిందే, కనీసం ఇద్దరు జడ్జీలు చూడాల్సిందే. అప్పీలుకు గడువు 30 రోజులు. వకీలును న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా ఇచ్చింది. నువ్వు పంపే డబ్బులో ఒక్క రూపాయి కూడా దీనికి పెట్టలేదు, ఆ అనుమానం పెట్టుకోకు.

ఉరి అనేది అరుదైన వాటిలోకెల్లా అరుదైన కేసులోనే వేయాలని, నేరంతో పాటు నేరం చేసిన మనిషినీ చూడాలని 1980లో బచన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. జైల్లో ఎలా ఉంటున్నాడు, మనసు ఎలా ఉంది అని నివేదికలు తెప్పించుకోవాలని 2022లో మనోజ్ కేసులో చెప్పింది. మరి మీ మామ ఎలాంటి మనిషో ఎవరు చెప్పాలి? శిక్ష గురించి ఏమైనా చెప్పుకుంటావా అని జడ్జి గారు అడిగితే తల అడ్డంగా ఊపి ఊరుకున్నాడు. పుట్టింట్లో మిగిలింది నేనొక్కదాన్ని.

అందుకే చెప్పాను. నాన్న మంచాన పడితే ఏడో తరగతిలో బడి మానేశాడని, మామిడికి కోత కూలి కూడా రాని ఏడాది అప్పులో కూరుకుపోయాడని చెప్పాను. ఆఖరి నాలుగు నెలలూ నిద్ర పట్టక రాత్రంతా తోటలో తిరిగేవాడు. ఆస్పత్రికి తీసుకుపోదామే అని అమ్మ రెండుసార్లు అడిగింది. దిష్టి తీయించమన్నాను నేను. ఆ మాట కూడా రాయించాను, నాయనా. రాస్తున్న వకీలు గారు ఒక్క నిమిషం కలం ఆపారు.

కడప జైలుకు ములాఖత్‌కు వెళ్తే వాడు మొదట అడిగింది తోటకు నీళ్లు పెట్టారా అని. ఒళ్లు మండిపోయి లేచి వచ్చేశాను. బస్సు రాయచోటి దాటినా కోపం తగ్గలేదు. పీలేరు వచ్చాక గుర్తుకొచ్చింది, ఆ మొక్కలు నాటినప్పుడు వాడికి పదేళ్లు. ఆ వేసవంతా బావి నుంచి కడవతో నీళ్లు మోసింది వాడే.

బాహుదా నది కథ నీకు అమ్మమ్మ చెప్పేది కదా. ఆకలికి ఆగలేక, అన్న వద్దన్నా లిఖితుడు మామిడిపండు కోసుకోవడం, శంఖుడు తమ్ముణ్ణి రాజు దగ్గరికి పంపడం, రాజు రెండు చేతులూ నరికించడం, ఏట్లో మునిగితే చేతులు తిరిగి రావడం. అందరూ ఆ చేతుల గురించే చెబుతారు. అమ్మమ్మ మాత్రం ప్రతిసారీ శంఖుడి దగ్గర ఆగేది, తమ్ముణ్ణి పంపినవాడికి ఆ రాత్రి ముద్ద ఎలా దిగిందో అనేది. బోను దిగి వచ్చిన రాత్రి నేను అన్నం ముందు కూర్చుని అమ్మనే తలచుకున్నాను. చంపిన కొడుకుకైనా ఉరి వేయించమని ఆమె అనదు. నాన్న సంగతి అంత గట్టిగా చెప్పలేను.

వాణ్ణి విడిచిపెట్టమని నేను అడగలేదు. చివరి శ్వాస దాకా జైల్లోనే ఉండనీ. ఉరికి బదులు అలా వేయవచ్చని 2008లో శ్రద్ధానంద కేసులో తీర్పు ఉందట. నేను అడిగింది అంతే.

కోర్టుకు నువ్వు రానక్కర్లేదు. తిరుపతిలో రాత్రి రైలెక్కి విజయవాడకు నేనే పోతాను. వచ్చే నెల అమ్మమ్మ, తాతల సంవత్సరీకానికి మాత్రం రా. పిండం పెట్టాల్సిన కొడుకు జైల్లో ఉన్నాడు, దౌహిత్రుడివి నువ్వే పెట్టాలి. పురోహితుడితో మాట్లాడి ఉంచాను. ఏ బస్సుకు వస్తావో చెబితే తెల్లవారుజామునైనా బస్టాండులో ఉంటాను.

మీ అమ్మ